జుట్టు పెట్టుకున్న జెముడు

ఈసారి ఛందస్సూ కాదు, శబ్దచర్చా కాదు. ఒక ముళ్ళమొక్క చరిత్ర. అయితే తెలుగు పండితుడి చేతిలో పడిన ముళ్ళమొక్క కూడా చివరకు వ్యాకరణం గుమ్మం తొక్కక మానదు. ఆ మేరకు ముందే మన్నించండి.

2014 వేసవిలో నేనొక పొరపాటు చేశాను. ఫిల్మ్‌నగర్ ఏటవాలులో మేముండే ఇంటి డాబా మీద మా శ్రీమతి పెంచుకున్న జెముడు ఒకటుండేది. అనంతపురం జిల్లాలోని పుట్టింటి నుంచి జానెడు ముక్క గోనెగుడ్డలో చుట్టి తెచ్చి నాటింది. అది నా తలకు మించి ఎదిగింది. ఆకుపచ్చని నిలువు స్తంభం, దాని మీద గట్లు, గట్ల మీద బారు తీరిన ముళ్ళ చుక్కలు. ఈ జాతికి ఐరోపావారు పెట్టిన పేరు సీరియస్. లాటిన్‌లో మైనపువత్తి అని అర్థం. ఆ ఏడాది దాని కొమ్మల్లో ఒకటి కొసన గుండ్రదనం వదిలి చదునుగా సాగింది. నెల తిరిగేసరికి విసనకర్రలా విచ్చుకుంది. ఆ పైన విసనకర్ర అంచే ముడతలు పడి, అక్రోటుకాయ గుంజులాగా మెలికలు తిరిగింది. ముళ్ళన్నీ చిన్నవై ఒకదానిమీద ఒకటి పడ్డాయి. తెగులనుకున్నాను. మిగతా కొమ్మలకు అంటుకుంటుందని భయపడి, ఆవిడ ఊళ్ళో లేని రోజు చూసి, కత్తితో కోసి చెత్తబండిలో వేశాను.

తిరిగి వచ్చి చూసి, "ఒక్కమాట అడగవలసింది" అంది. అంతకుమించి అనలేదు. 2019లో ఆవిడ వెళ్ళిపోయింది.

నేను కోసినది తెగులు కాదని తెలియడానికి మరి రెండేళ్ళు పట్టింది. మా వీధి చివర సినిమా షూటింగులకు పూలకుండీలు అద్దెకిచ్చే మనిషి ఒకడున్నాడు. పాలమూరు వైపువాడు. మెట్ల పక్కన పెట్టే అరెకా పామ్‌ల దగ్గర్నుంచి ఎడారి సీనుకు కావలసిన ముళ్ళమొక్కల దాకా అన్నీ ఆయన షెడ్డులో ఉంటాయి. 2021లో ఒకనాడు ఊరికే పలకరించబోయి, ఒక కుండీ ముందు ఆగిపోయాను. నేను చెత్తబండికెక్కించిన ఆకారమే కుండీలో నిలబడి ఉంది. "ఇది రోగం కాదా?" అన్నాను. నవ్వాడు. "రోగమేంది సారూ, దాని జుట్టది. కోస్తె మల్ల వస్తదన్న నమ్మకం లేదు" అన్నాడు.

జుట్టు! పాలమూరు మాటలో ఆయన పలికినదీ, లాటిన్‌లో వృక్షశాస్త్రజ్ఞులు రాసినదీ ఒకటే. ఇలా విచ్చుకున్న మొక్కల పేర్ల చివర 'క్రిస్టాటా' అని చేరుస్తారు. క్రిస్టా అంటే కోడి తలమీది జుట్టు. మనకు ఈ పోలిక కొత్తదేమీ కాదు. మన పెరళ్ళలో పూసే కోడిజుట్టు పువ్వును తలచుకోండి. ముఖమల్ గుడ్డను మడతలు పెట్టి కుట్టినట్టుండే ఆ ఎర్రని పువ్వు కూడా ఇదే మార్పు పొందిన పూలగుత్తి. కొసన ఒకే బిందువుగా ఉండవలసిన పెరుగుదల మొన గీతలా సాగిపోతే వచ్చే రూపమది. తేడా ఒక్కటే. కోడిజుట్టు గింజ చల్లితే మళ్ళీ కోడిజుట్టే మొలుస్తుంది, అది వంశంలో స్థిరపడింది. జెముడు జుట్టు సాధారణంగా గింజలోంచి రాదు. కొమ్మ కోసి నాటాలి, లేదా అంటు కట్టాలి. అంటే దాని వంశం మనిషి చేతి మీద ఆధారపడి ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక నా కత్తి నాకు మరింత బరువుగా తోచింది.

ముందుగా ఒక గందరగోళం విప్పాలి. మనం జెముడు అని పిలిచేవన్నీ ఒక కులానివి కావు. బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు గిల్లితే పాలు కారతాయి. ఇవి యూఫోర్బియా జాతివి, ఆముదానికి దూరపు చుట్టాలు. ఈ బంజారా, జూబ్లీ కొండల రాళ్ళ సందుల్లోనూ, 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి వనం వంటి చోట్లా కనబడే దక్కను పొదల లోకానికి చెందినవి. నాగజెముడుకు పాలుండవు. దాని ముళ్ళు చిన్న మెత్తని గద్దె మీద నుంచి గుత్తిగా లేస్తాయి. ఆ గద్దె ఉంటేనే కాక్టస్. ఇంచుమించు కాక్టస్‌లన్నీ అమెరికా ఖండాల పుట్టుకే. కొలంబస్‌కు ముందు మన నేలమీద నాగజెముడు లేదు. సముద్రం దాటి వచ్చినదానికి మనవాళ్ళు దాని రేకును చూసి పాముపడగ పేరు పెట్టి ఇంట్లో మనిషిని చేసుకున్నారు. తమిళులు చప్పాత్తుక్కళ్ళి అన్నారు. చప్పాత్తు అంటే చెప్పు, పోర్చుగీసు సపాతో నుంచి వచ్చిన మాట. మొక్క ఎవరి ఓడల వెంట వచ్చి ఉంటుందో ఆ మాటే చెబుతున్నట్టుంది.

ఇక్కడ చరిత్రలో ఒక చిత్రమైన మలుపుంది. 18వ శతాబ్దపు చివర కాక్టస్ మన దేశంలో రాజకీయ వస్తువు. మెక్సికోలో నాగజెముడు మీద బతికే కోచినీల్ పురుగు నుంచి తీసే ఎరుపురంగు మీద స్పెయిన్‌కు గుత్తాధిపత్యం ఉండేది. ఆ పట్టు తప్పించాలని ఈస్టిండియా కంపెనీ ఆశ. మద్రాసులో కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ 1780ల చివర సైదాపేట దగ్గర ఇందుకోసమే నాగజెముడు తోట వేయించాడు. మేత సిద్ధమైంది గాని, అసలు పురుగు రావాలి గదా! 1795లో కెప్టెన్ నీల్సన్ అనే సైనికాధికారి బ్రెజిల్ నుంచి పురుగులను కలకత్తా చేర్చాడు. తీరా చూస్తే అవి మెక్సికో పురుగులు కావు. వాటి దూరపు బంధువులు, రంగు నాసి. రంగు వ్యాపారం మునిగింది. ఆ పురుగు మాత్రం ఒపన్షియా మొనకాంతా అనే రకం నాగజెముడును పొలాల గట్ల మీది నుంచి ఊడ్చేసింది. ఆ సంగతి కనిపెట్టినవాళ్ళు 19వ శతాబ్దంలో దాన్ని ఉత్తరాది నుంచి దక్షిణాదికి కావాలనే పంపారు. 1865 ప్రాంతంలో సింహళానికీ పంపారు. ఒక కలుపును చంపడానికి దాని శత్రువును దేశం దాటించడం ప్రపంచంలో తొలి ప్రయత్నాల్లో ఒకటిగా శాస్త్రగ్రంథాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండో రకం నాగజెముడు, డిల్లెనీ అనేది, ఆ పురుగుకు లొంగలేదు. రాయలసీమతో సహా మద్రాసు రాష్ట్రపు మెట్టనేలలన్నీ ఆక్రమించింది. 1926లో సింహళం నుంచి మరో జాతి కోచినీల్‌ను తెప్పించి వదిలారు. కొద్ది సంవత్సరాల్లో పొదలు పొదలుగా కుళ్ళి పడిపోయాయి. మా మామగారు తన చిన్ననాడు పెద్దలు చెప్పగా విన్నది చెబుతుండేవారు. దారులు మూసుకుపోయి, మేకలు సైతం దూరలేని ముళ్ళకంచెల మీద తెల్లని దూదిలాంటిది పట్టి, చిదిమితే వేళ్ళు ఎర్రబడి, రెండు మూడేళ్ళలో పొలాలు తేలిక పడ్డాయట. ఆ తెల్లదూదే కోచినీల్. ఆ ఎరుపే స్పెయిన్‌ను కుబేరుణ్ణి చేసిన ఎరుపు. నేటికీ పెదవులకు పూసే రంగుల్లో కోచినీల్ నుంచి తీసిన కార్మైన్ వాడతారు. ఫిల్మ్‌నగర్‌లో మేకప్ పెట్టెలకు కొదవ లేదు గనుక ఈ మాట చెప్పాలనిపించింది.

ఇంతకూ నేను చిత్రమన్నది ఇది కాదు. పురుగు వాతపడ్డ ఆ మొనకాంతా జాతిలోనే ఒక విపరీత రూపం ఉంది. రేకులు చిన్నవిగా, వంకరగా, అడ్డదిడ్డంగా ఒకదానిమీద ఒకటి ఎక్కి పెరుగుతాయి. ఆకుపచ్చ మీద తెలుపు, లేత పసుపు, ఒక్కోసారి గులాబి చారలు పడతాయి. ఐరోపా తోటమాలులు దానికి 'మాన్‌స్ట్రోసా' అని బిరుదిచ్చారు. బైబిలు కథలోని యోసేపు రంగురంగుల అంగీ పేరుతోనూ పిలుస్తారు. మా పాలమూరాయన షెడ్డులో అది నాలుగు కుండీల్లో ఉంది. గట్ల మీద కంచెలై విర్రవీగిన తిన్నని మొనకాంతాను పురుగు తినేసింది. వంకర మొనకాంతా మాత్రం ఎవరో ఒకరు రేకు విరిచి పక్కింటికి ఇస్తూ రావడం వల్ల కుండీ నుంచి కుండీకి నడిచి ఫిల్మ్‌నగర్ దాకా వచ్చింది.

'మాన్‌స్ట్రోసా' అన్న మాట దగ్గర నా వ్యాకరణబుద్ధి మేల్కొంది. మాన్‌స్ట్రం అంటే లాటిన్‌లో మొదట రాక్షసం కాదు, శకునం. దేవతలు చేసే హెచ్చరిక. మన వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో బృహత్సంహితలో ఉత్పాతాలను వివరించేటప్పుడు వృక్షవైకృతమని ఒక విభాగమే పెట్టాడు. చెట్టు అకాలంలో పూసినా, తన స్వభావం తప్పినా దేశానికో రాజుకో ఏదో మూడినట్టు. రోములోనూ ఉజ్జయినిలోనూ మనిషి ఒకలాగే భయపడ్డాడు. వాస్తు పేరిట ముళ్ళమొక్క ఇంట ఉండరాదని జూబ్లీహిల్స్ బంగళాల్లో ఈనాటికీ వినబడే మాటకు వేరు ఎంత లోతుందో చూడండి. అదే బంగళాల వరండాల్లో అంటుకట్టిన జుట్టుజెముళ్ళు దీపాల వెలుగులో మెరుస్తుండడం కూడా నేను చూశాను. భయమూ వేడుకా ఒకే గేటు లోపల కాపురం చేయగలవు కాబోలు.

కానీ వికృతి అన్న మాటకు మన తెలుగు బడిలో మరో జీవితం ఉంది. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు నేను నల్లబల్ల మీద రెండు గడులు గీసి, ఇటు ప్రకృతి, అటు వికృతి అని రాశాను. ముఖం–మొగం, సంధ్య–సందె, భక్తి–బత్తి, అగ్ని–అగ్గి, రాత్రి–రాతిరి. అక్కడ వికృతి తిట్టు కాదు. నోట్లో నానిన రూపం, ఇంటి మాట. ప్రకృతి పుస్తకంలో ఉంటే వికృతి వంటింట్లో ఉంటుంది. అరవై సంవత్సరాల పేర్లలో కూడా వికృతి ఒకటుంది, 2010 ఉగాదితో వచ్చినది, దానికీ మనం యథావిధిగా పచ్చడి చేసుకున్నాం. ఇంత చదివి, ఇన్నేళ్ళు చెప్పి, డాబా మీద ఒక వికృతి కనబడగానే నేను వరాహమిహిరుడి పక్షం చేరిపోయాను.

నా భయం బొత్తిగా మూఢత్వం కాదని కూడా ఒప్పుకోవాలి. మొక్కల్లో ఇలాంటి వైపరీత్యాలు కొన్ని రోగం వల్లనే వస్తాయి. బఠానీ పూల జాతుల్లో, మరికొన్నిట్లో ఒక బాక్టీరియా మొలకలను గుత్తులుగా చేస్తుంది. కాక్టస్‌లలోనూ ఫైటోప్లాస్మా అనే అతిసూక్ష్మ జీవి వల్ల చీపురుకట్టలా గుబురెత్తే రూపాలున్నాయి. దెబ్బ తగిలినా, మంచు కొట్టినా మొన చెదరవచ్చు. అరిజోనా ఎడారిలో నిలువెత్తు సగువారో కాక్టస్‌ల నడుమ అరుదుగా ఒకటి కిరీటం పెట్టుకుని నిలబడుతుంది. దానికి కారణమేమిటో అక్కడివారికే ఏకాభిప్రాయం లేదు.

జన్యువు వల్ల వచ్చే మార్పు విషయంలో మాత్రం శాస్త్రం చాలా దూరం నడిచింది. ఆవజాతికి చెందిన ఒక చిన్న మొక్క మీద పరిశోధించి, పెరుగుదల మొనను అదుపులో ఉంచే రెండు పక్షాలను పట్టుకున్నారు. ఒకటి కొత్త కణాలను పెంచమంటుంది, రెండోది ఇక చాలంటుంది. చాలనేది చెడితే మొన వెడల్పవుతూ పోతుంది. పెంచమనే జన్యువు పేరు వుషెల్, జర్మన్‌లో చెదిరిన జుట్టును సూచించే మాట. చాలనే వాటి పేరు క్లావాటా, లాటిన్‌లో గదలాంటిదని అర్థం. జుట్టుకూ గదకూ మధ్య జరిగే బేరమన్నమాట మొక్క ఎదుగుదల! అడవిటమాటాలో రెండే గదులుంటాయి. మన వంటింట్లో కోసే లావుపాటి టమాటాలో అన్ని గదులుండడానికి కారణం ఈ క్లావాటా, వుషెల్ జన్యువుల దగ్గర వచ్చిన మార్పులే. మెండెల్ 1866లో ప్రకటించిన బఠానీ ప్రయోగాల్లో ఏడు లక్షణాలున్నాయి గదా, పువ్వులు కాడ పొడవునా పూస్తాయా, కొసన గుత్తిగా పూస్తాయా అన్నది వాటిలో ఒకటి. కొసన గుత్తిగా పూసినది ఇలా కాడ చదునైన రూపమే. దాని జన్యువు ఏదో 2025లో గాని తేలలేదు. కాబట్టి వంశశాస్త్రం పుట్టినింట్లోనే ఒక జుట్టుమొక్క కూర్చుని ఉంది. నా వృక్షశాస్త్రం ఇంతే. ఇది కూడా పక్కవాటాలో ఉండే ఒక విశ్రాంత జీవశాస్త్రం మాస్టారి దగ్గర నాలుగు సాయంత్రాలు కూర్చుంటే వచ్చినది.

మన నర్సరీల్లో అమ్మే ఎర్రబంతి మొక్క కథ కూడా చెప్పాలి. కింద మూడు పలకల ఆకుపచ్చని కాడ, పైన కుంకుమబరిణెలా ఎర్రని గుండు. దాన్ని 1941లో జపాన్‌లో వతనబే అనే ఆయన తన మొలకల మధ్య గమనించాడు. పత్రహరితం లేని మొలక అది. తన తిండి తాను వండుకోలేదు, మట్టిలో వదిలితే వారాల్లో చస్తుంది. దాన్ని మరో కాక్టస్ మీద అంటు కట్టారు. అప్పటి నుంచి అది ఎవరో ఒకరి భుజం మీదే బతుకుతోంది. హిబోటాన్ అని పేరు, ఎర్రపియోనీ పువ్వని అర్థం. ఇవాళ లోకానికి వీటిని ఎక్కువగా ఎగుమతి చేసేది దక్షిణ కొరియా. ఆ మూడు పలకల కాడ మరేదో కాదు, మన రైతులు ఈమధ్య విరివిగా వేస్తున్న డ్రాగన్ పండు జాతిది. మోసేవాడి పేరు ఎవరూ అడగరు గదా.

పగడపు కాక్టస్ అని అమ్మేదీ అంతే. పేరు మాత్రమే కాక్టస్, అది లాక్టియా అనే యూఫోర్బియా జుట్టు. దాన్ని మోసే కాడ తరచు మన ఆకుజెముడే! ఊరి కంచె మీద ఎవరూ చూడని మొక్క జూబ్లీహిల్స్ డ్రాయింగు రూములోకి ఈ రూపంలో ప్రవేశించింది. దీన్ని పెంచేవారికి ఒక హెచ్చరిక. గిల్లితే కారే పాలు కంట్లో పడితే ప్రమాదం. పిల్లలున్న ఇంట ఎత్తులో పెట్టండి.

సినిమావారికి కాక్టస్ మీద ప్రేమ ఎప్పుడు మొదలైందో నాకు పత్రం చూపగల శక్తి లేదు. నా మటుకు నాకు 1971 గుర్తుకొస్తుంది. ఆ ఏడు కృష్ణ నటించిన 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. కథ ఆరుద్ర, దర్శకత్వం కె.ఎస్.ఆర్. దాస్. అరిజోనాకు వెళ్ళకుండానే రాజస్థాన్ ఇసుకలో తెలుగు కౌబాయ్ గుర్రమెక్కాడు. ఆ సినిమా తీసిన పద్మాలయ పేరుతో తరువాత స్టూడియో వెలసినదీ ఈ కొండల మీదే. అప్పటి నుంచి గుర్రమూ తుపాకీ కనబడితే పక్కన ముళ్ళమొక్క ఉండాలని మా పిల్లకాయల లెక్క. పాలమూరాయన లెక్క వేరు. ఎడారి సీనుకు తిన్నని కాక్టస్ అడుగుతారట, జుట్టున్నది అడగరట. "అది పెడితె హీరోను జూడరు సారూ, దాన్నే జూస్తరు" అంటాడు.

ఆయన మాట పట్టుకుని నా డాబా మీది మొక్కను నేను మళ్ళీ మళ్ళీ వెతికాను. కోసిన చోట తిన్నని కొమ్మలే వచ్చాయి. గాయం మానిన చోట బెరడు కట్టి గట్టిపడింది. జుట్టు మళ్ళీ రాలేదు. చివరికి 2022 కార్తికంలో ఆయనే తన మొక్క నుంచి అరచేతిమందం ముక్క కోసి కాగితంలో పెట్టి ఇచ్చాడు. డబ్బు పుచ్చుకోలేదు. "అమ్మగారి కుండీలనే పెట్టుండ్రి" అన్నాడు. మూడు వారాలు నీడలో ఆరబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో నాటాను. ఆరునెలలు ఉలుకూ పలుకూ లేదు. ఆ తరువాత అంచు వెంట లేతముళ్ళు బంగారపు రంగులో వరుస కట్టాయి.

ఇప్పుడది రెండు గుప్పిళ్ళంత ఉంది. ఇంకో చిక్కు వచ్చిపడింది. జుట్టు మొక్కలకు ఒక్కోసారి పాత స్వభావం గుర్తుకొస్తుందట. విసనకర్ర అంచులో ఎక్కడో ఒక బిందువు తేరుకుని తిన్నని కొమ్మగా లేస్తుంది. తిన్నని కొమ్మకు వేగమెక్కువ, వదిలేస్తే బలమంతా అది లాగేసుకుని జుట్టును మూలకు నెడుతుంది. అందుకని కనబడగానే తీసేయాలంటారు. గత వారం నా కుండీలో వేలెడంత తిన్నని కొమ్మ ఒకటి లేచింది. ఆరు గట్లు, నిటారుగా, చక్కగా ఉంది, అచ్చం ఆవిడ గోనెగుడ్డలో తెచ్చిన ముక్కలాగా. పాలమూరాయన చూసి, "ఈసారి మాత్రం కోయాలె సారూ" అన్నాడు. కత్తి మళ్ళీ ఆ గూట్లోనే ఉంది. రేపు ఆదివారం వస్తానన్నాడు, తను పట్టుకుంటే నేను కోయాలట. కోసిన కొమ్మకు వేరే కుండీ ఒకటి కడిగి ఎండబెట్టాను.